కాగితానికి రెండు వైపులా

మార్చి 2

అత్తకి,

నీ అగ్గిపెట్టె రాస్తున్నాడు. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరు ఇప్పటికీ ఇంట్లో ఎవరూ మార్చలేదు, నేనూ మారలేదు.

ప్రెస్సు మానేశాను. మానేశావా, మాన్పించారా అని అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నాను, ఫోర్‌మన్ మొహం మీద చెప్పి మరీ మానేశాను. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే అరపూట జీతం కోస్తారట! గడియారం కోసం మనిషి పుట్టాడా, మనిషి కోసం గడియారం పుట్టిందా? ఆ మాటే అడిగితే "ఏ పుస్తకంలో చదివావురా?" అన్నాడు. "అరవై నాలుగు పేజీల పుస్తకం. మన దగ్గరే బైండు చేశాం. మీరు తప్ప అందరూ చదివారు" అన్నాను.

నాతో ఇంకో ఇద్దరు బయటికొచ్చారు. ఒకడు జిగురు, నీకు తెలిసినవాడే, ఒకటో తరగతిలో నా పక్కన అతుక్కున్నవాడు ఇంకా ఊడలేదు. రెండో ఆయన బాబాయి. మనకేం చుట్టం కాదు. కోత మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు, ప్రెస్సులో అందరికీ ఆయన బాబాయే. ముగ్గురం కలిసి సొంతంగా బైండింగు షాపు పెడుతున్నాం. గొడుగుల కొట్టు వెనక పొడుగాటి గది. ఒక్కటే కిటికీ, రెక్క తీస్తే పక్కింటి గోడకి కొట్టుకుంటుంది. పాత కోత మిషను ఒకటి దొరికింది. కాలితో తొక్కితే కత్తి దిగుతుంది, దిగినప్పుడల్లా గదంతా ఒకసారి ఉలిక్కిపడుతుంది.

మా షాపులో యజమాని ఉండడు, పనివాడు ఉండడు. ఆ రెండు మాటలూ గుమ్మం బయటే ఆగిపోవాలి.

ముప్పై ఏళ్ళుగా ప్లీడరు గారి ఆఫీసులో టైపు కొడుతున్నావు గనక నిన్ను అడుగుతున్నాను. షాపు పెట్టుకోవడానికి నిజంగా కాగితాలు కావాలా? ఒకళ్ళనొకళ్ళు నమ్మనివాళ్ళకి కదా కాగితాలు? క్లుప్తంగా రాయి. జాగ్రత్తలు వద్దు, జవాబులు చాలు.

నీ అగ్గిపెట్టె


మార్చి 9

అగ్గిపెట్టెకి,

అందరం క్షేమం అని మొదలుపెట్టే అలవాటు ఈ ఆఫీసులో చేరాక పోయింది. క్షేమంగా ఉన్నవాళ్ళెవరూ మా మెట్లెక్కరు.

నీ ఉత్తరం ఏడో తేదీన అందింది. కాగితానికి రెండు వైపులా రాశావు. సిరా అటుదిటు ఇటుదటు దిగి, ఫోర్‌మన్ మాటలు బాబాయివీ, బాబాయి మాటలు ఫోర్‌మన్‌వీ అయిపోయాయి. కాగితం మీద ఏదైనా ఒకవైపే రాయాలి. ఇది జాగ్రత్త కాదు, జవాబే.

నమ్మనివాళ్ళకి కదా కాగితాలు అన్నావు. నేను టైపు కొట్టిన తగాదాలన్నీ నమ్ముకున్నవాళ్ళవే. నమ్మకం లేనివాళ్ళు కలిసి కొట్టు పెట్టరు.

కొత్తగా షాపు పెట్టేవాళ్ళు వస్తే ప్లీడరు గారు అడిగేవే నేనూ అడుగుతాను. గది ఎవరి పేరున తీసుకున్నారు? అంత చప్పుడు చేసే మిషను పెట్టుకోవచ్చని ఇంటాయన రాసిచ్చాడా? బోర్డు మీద రాయబోయే పేరు ఈపాటికే ఇంకెవరికైనా ఉందేమో చూశారా? మీది భాగస్వామ్యమైతే జిగురు ఎవరికో ఒప్పుకున్న పని చెడగొడితే దానికి నువ్వూ పూచీ. షాపు వరకే కాదు, నువ్వు పడుకునే మంచం దాకా వస్తుంది. అది తెలుసా? కంపెనీగా పెట్టుకుంటే అంత దూరం రాదు గానీ, ముగ్గురు మనుషులకీ ఒక మిషనుకీ ఆ హంగామా ఎక్కువ. మీలో ఒకరు మానుకుంటే ఏం చేస్తారు? ఒకరు పోతే?

నమూనా ఒప్పందం ఒకటి టైపు చేసి పెట్టాను. యజమాని, భాగస్వామి, పనివాడు అని మూడు మాటలు వస్తాయి అందులో. ఎవరు ఏమిటో ఖాళీల్లో తేల్చి రాయండి. మిగతాదంతా ఆ మూడు మాటల మీదే నిలబడుతుంది.

భోజనం వేళకి చెయ్యి.

అత్త


మార్చి 20

అత్తకి,

"ఒకరు పోతే?" అని రాశావు. షాపు తెరిచి పది రోజులు కాలేదు, అప్పుడే పాడె కట్టేశావు మాకు! మంచం సంగతి జిగురుకి చదివి వినిపించాను. వాడు తనని నమ్మొద్దని నువ్వు నాకు చెప్తున్నావనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

అయినా పెద్దదానివి, కష్టపడి టైపు చేశావు. నీ కాగితమే వాడాం. కొన్ని మాటలు నా పద్ధతిలో దిద్దాను. ముగ్గురం సంతకాలు పెట్టాం. బాబాయి చదవనేలేదు. "నువ్వు చదివావుగా బాబూ, చాల్లే" అని పెట్టేశాడు. చూశావా, నమ్మకం అంటే అది. మీ ప్లీడరు గారికి చూపించు.

గది నా పేరునే ఉంది. మిషను పెట్టుకోవచ్చని ఇంటాయన రాసిచ్చాడు, "భూకంపం వస్తే అద్దెకున్నవారిదే బాధ్యత" అని ఒక వాక్యం కలిపాడు. బోర్డు పేరు ఎవరికీ లేదని రిజిస్ట్రారు ఆఫీసులో చూసి వచ్చాను. ఆ గుమాస్తా నా కంటే నెమ్మదిగా చదువుతాడు.

ఇంకోటి. ఇంటికొచ్చే ఉత్తరాల మీద కూడా నువ్వు 'అందినది' అని తేదీతో ముద్ర వేస్తావని నాన్న అన్నాడు. నిజమేనా? నా మాటలు కూడా నీకు ఫైలేనా? రెండు వైపులా రాయడం మాత్రం మాననంటే మానను. కాగితంతో బతికేవాణ్ణి, సగం ఖాళీగా వదిలితే చెయ్యి ఒప్పదు.

నీ అగ్గిపెట్టె


ఏప్రిల్ 1

అగ్గిపెట్టెకి,

నిజమే, వేస్తాను. నీ రెండు ఉత్తరాలకీ వేశాను. ముద్ర లేని కాగితం ఎప్పుడొచ్చిందంటే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. మీ నాన్న నాకు పంపిన పెళ్ళి శుభలేఖ, పెళ్ళయిన నాలుగో రోజున అందిందని ఇప్పటికీ రుజువు చెయ్యగలను.

ఒప్పందం పూర్తయినందుకు సంతోషం. దిద్దానన్నావు, అక్షర దోషాలై ఉంటాయి. చూపు మునుపట్లా లేదు నాకు.

బాబాయి సంగతి ఒక్కటి తేల్చు. లాభంలో వాటా తీసుకుంటాడా, వారానికి ఇంత అని తీసుకుంటాడా? రెండోదైతే ఆయన పనివాడు. నెలలోగా కార్మికుల ప్రమాద నిధిలో ఆయన పేరు రాయించాలి. ఫారం జతచేశాను. వాటానే అయితే నిధి ఆయనకి వర్తించదు, ఆయన పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోండి. ఏదో ఒకటి చెయ్యకుండా ఆయన్ని ఆ మిషను ముందు నిలబెట్టొద్దు.

జిగురుని నేనేం అనలేదు. వాడి తప్పుకి నువ్వు పూచీ అయినట్టే నీ తప్పుకి వాడూ పూచీ. ఆ సగం కూడా వాడికి చదివి వినిపించు.

అత్త


జూన్ 11

అత్తకి,

రెండు నెలలు ఆలస్యమైంది, తిట్టుకో. నువ్వు రాసినవన్నీ చూశాను, చేయాల్సినవి చేశాం. ఇంక కాగితాల గొడవ వదిలెయ్.

షాపు పరుగెడుతోంది. నాలుగు బడుల హాజరు రిజిస్టర్లూ మాకే ఇచ్చారు. జిగురు అట్టలు అతికిస్తాడు, నేను కుట్లు వేస్తాను, కోత బాబాయిది. ఆయనకి వాటా ఇస్తానంటే నవ్వాడు. "నాకెందుకు బాబూ వాటాలూ గీటాలూ? శనివారం శనివారం ఇంతని చేతిలో పెట్టు. ఇంట్లో దానికి అలవాటు పడ్డారు" అన్నాడు. అలాగే ఇస్తున్నాను. సంతకం తీసుకోమని జిగురు పోరుతాడు. ఇచ్చిన చేత్తోనే సంతకం అడగడం మనిషిని అవమానించడం. తీసుకోను.

మొన్న మంగళవారం ఆయన అరగంట ఆలస్యంగా వచ్చాడు. అవతల ఆర్డరు నెత్తి మీద కూర్చుంది. కోపం ఆగలేదు. "ఇవాళ్టికి ఇంటికెళ్ళు" అన్నాను. కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. శనివారం ఆ రోజుది పట్టుకునే ఇచ్చాను, న్యాయం అందరికీ ఒకటే. బుధవారం నుంచి నాకంటే ముందొచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు. క్రమశిక్షణ పైవాడు రుద్దితే రాదు, లోపల్నుంచి రావాలి అని నేను ఎప్పట్నుంచో చెప్తున్నది ఇదే.

కాగితం తిప్పు, అసలు సంగతి వెనక ఉంది.

కత్తికి ముందు ఇనప పలక ఒకటి ఉంటుంది, చెయ్యి లోపలికి పోకుండా అడ్డు. ప్రతి కోతకీ దాన్ని ఎత్తాలి, దించాలి. రోజులో సగం ఎత్తడం దించడంతోనే సరిపోతోంది. తీసేద్దామన్నాను. "ముప్పై ఏళ్ళల్లో పలక లేకుండా తొక్కలేదు బాబూ, భయం" అన్నాడు బాబాయి. "భయం యజమానులు నేర్పిన అలవాటు" అన్నాను. అన్నాక మాట బాగా కుదిరిందనిపించింది, జిగురుకి ఇంకోసారి చెప్పాను. మరలు నేనే విప్పాను. పని ఇంచుమించు రెట్టింపయింది. ఈ లెక్కన పై నెల రెండో మిషను.

నీ అగ్గిపెట్టె


జూన్ 14

అగ్గిపెట్టెకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ పలక బిగించు. ఇక్కడ చదవడం ఆపి, బిగించి వచ్చి, మిగతాది చదువు.

మిగతాది ఏమీ లేదు.

అత్త


జూన్ 18

అత్తకి,

నీ ఉత్తరం నిన్న అందింది. పలక బిగించాను. మొన్న బాబాయి చేతికి కాస్త దెబ్బ తగిలింది. కంగారేం లేదు.

అగ్గిపెట్టె


జులై 2

అత్తకి,

దెబ్బ తగ్గిందా, నిధి వాళ్ళు వచ్చి చూశారా అని కార్డు రాశావు. కాస్త దెబ్బ అని నేను రాసింది అబద్ధం. కుడి చేతివి రెండు వేళ్ళు పోయాయి. చూపుడు వేలు, మధ్య వేలు. పదహారో తేదీ, టీ తాగి వచ్చిన వెంటనే. కత్తి కింద ఉన్న కాగితాల దస్తా కొంచెం పక్కకి జరిగిందట. సర్దబోయాడు, కాలు అలవాటు ప్రకారం తొక్కేసింది. మిషను మామూలుగానే చప్పుడు చేసింది. నేను తల కూడా ఎత్తలేదు.

నిధి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఒప్పందం చూపించమన్నాడు. నేను దిద్దినవి అక్షర దోషాలు కావత్తా. నువ్వు ఖాళీలు వదిలిన చోట గీతలు కొట్టేసి, "ఈ షాపులో యజమాని లేడు, పనివాడు లేడు, ముగ్గురూ సమాన భాగస్వాములు" అని రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు. "బాగా రాశారండీ. భాగస్వాములకి నిధి వర్తించదు" అని కాగితం మడిచి చేతికిచ్చాడు.

నువ్వు పంపిన ఫారం నింపలేదు. మొదటి గడిలోనే 'యజమాని పేరు' అని ఉంది. అక్కడే ఆగిపోయాను. విడిగా బీమా కూడా తీసుకోలేదు. అది బీమా కంపెనీల బేరం అనుకున్నాను.

నిన్న ఆస్పత్రిలో బాబాయి భార్య బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చి, "మా ఆయనకి మీ షాపులో భాగం ఉందంటగా బాబూ?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

ఇంక ఒక్కటే దారి. ఆయన పనివాడు అని మార్చి నెల తేదీతో కొత్త ఒప్పందం టైపు చేసి పంపు. మీ ఆఫీసులో పాత కాగితం ఉంటుంది, పాత రిబ్బను ఉంటుంది. ఇది మోసం కాదు. ఆయనకి రావాల్సింది ఆయనకి ఇప్పించడం. చట్టం బీదవాడికి అడ్డం నిలబడితే చట్టాన్నే పక్కకి జరపాలి, ఆ మాట నువ్వు ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. వెంటనే పంపు.

అగ్గిపెట్టె


జులై 8

అగ్గిపెట్టెకి,

కొట్టను.

పాత కాగితం ఉంది, పాత రిబ్బను ఉంది. అలాంటివి అడిగినవాళ్ళు నీకంటే ముందు చాలామంది వచ్చారు, అందరూ ఎవరికో రావాల్సింది ఇప్పించడానికే వచ్చారు. దొరికితే బాబాయికి నిధి శాశ్వతంగా పోతుంది. దొరక్కపోతే నువ్వు ఇంకోసారి అడుగుతావు.

పైగా అక్కర్లేదు. చట్టం నువ్వు పెట్టిన పేరు చూడదురా, నువ్వు చేసిన పని చూస్తుంది. వారం వారం ఇంతని ఇచ్చినవాడు, ఆలస్యమైతే ఇంటికి పంపి ఆ రోజుది పట్టుకున్నవాడు, మిషను ఎలా తొక్కాలో చెప్పినవాడు యజమాని. ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే. బాబాయి మొదట్నుంచీ పనివాడే. పేరు ఆలస్యంగా రాయించినా నిధి ఆయనకి ఇస్తుంది. ఇచ్చి, నీ దగ్గర జరిమానాతో రాబట్టుకుంటుంది.

అయితే ఇప్పుడు వెళ్ళి నోటితో చెప్తే నమ్మరు. ప్రమాదం జరిగాక అందరూ పనివాళ్ళమే అంటారు. జరగకముందు తేదీ ఉన్న కాగితం కావాలి. సంతకాలు తీసుకోవడం అవమానం అన్నావు కాబట్టి నీ దగ్గర ఏమీ లేదు. నా దగ్గర ఉంది.

జూన్ 11న నువ్వు రాసిన ఉత్తరం తిరిగి పంపుతున్నాను. శనివారాలు, మంగళవారం, ఇంటికెళ్ళమనడం, అన్నీ నీ చేతిరాతలో ఉన్నాయి. 'అందినది, జూన్ 14' అని ముద్ర ఉంది. ప్రమాదానికి రెండు రోజుల ముందు. అది చాలు.

వెనక వైపు పలక సంగతి ఉంది. ముందుది ఇచ్చి వెనకది దాచడానికి లేదు, ఒకటే కాగితం. నకలు ఇస్తే అసలు చూపించమంటారు. పలక విప్పించినవాడికి జరిమానా వేరు, మామూలు జరిమానా కాదు, కేసు కూడా కావచ్చు. జిగురు కూడా పూచీ అవుతాడు, వాడి మంచంతో సహా. ఒకవైపే రాసి ఉంటే ఈ చిక్కు లేదు.

ప్లీడరు గారిని అడిగాను. "మీ మేనల్లుడికి రెండు దారులున్నాయి. ఒకటి కష్టం" అన్నారు. ఏది అని నేను అడగలేదు.

ఉత్తరం నీది. ఇస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. నా దగ్గర నకలు లేదు, తీయలేదు.

దిద్దానని నువ్వు రాసినప్పుడు, ఏం దిద్దావని అడగాల్సింది. చేయాల్సినవి చేశాం అన్నప్పుడు ఏం చేశారని అడగాల్సింది. ముప్పై ఏళ్ళు ఈ బల్ల దగ్గర కూర్చుని ఆ రెండూ అడగలేదు. అది నా తప్పు. రాసి పెట్టుకో.

అత్త


ఆగస్టు 5

అత్తకి,

నీ కవరు వచ్చాక ఆ ఉత్తరం నాలుగు రోజులు నా చొక్కా జేబులో ఉంది. ఐదో రోజు జిగురు ముందు పెట్టాను. రెండు వైపులా చదివి, "నన్నడక్కుండానే నా మంచం కూడా తాకట్టు పెట్టేశావు కదరా" అన్నాడు. ఇచ్చెయ్యమనలేదు, వద్దనలేదు. మర్నాడు నిధి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నాకంటే ముందే గొడుగుల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆఫీసులో అధికారి ఒకావిడ. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతుంటుంది. బాబాయిని కూడా పిలిపించింది, చేతికి ఇంకా కట్టు ఉంది. ఉత్తరం తీసుకుని, ముద్ర చూసి, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. "పైకి చదవాలా అండీ?" అన్నాను. "అందరి సంగతీ ఉంది కదా, అందరూ వినాలి" అంది.

అత్తా, ఆవిడ గొంతులో ఎత్తూ పల్లం లేదు. సరుకుల జాబితా చదివినట్టు చదివింది. న్యాయం అందరికీ ఒకటే. క్రమశిక్షణ లోపల్నుంచి రావాలి. ప్రెస్సు ఫోర్‌మన్ నాకు కోసింది అరపూట, నేను బాబాయికి కోసింది రోజంతా. ఆ ముక్క నాకు ఆవిడ చదువుతుంటే తెలిసింది.

కాగితం తిప్పింది. "భయం యజమానులు నేర్పిన అలవాటు" దగ్గర ఆగింది.

"ఇక్కడ యజమానులు అంటే ఎవరు?"

"రాసినప్పుడు తెలీదండీ."

"ఇప్పుడు?"

"నేనే."

రాసుకుంది. ఫారం నా ముందుకి జరిపింది. మొదటి గడి నింపాను.

నిధి వాళ్ళు బాబాయికి నెలనెలా ఇస్తారు, ఆయన ఉన్నంతకాలం. మందుల ఖర్చూ ఇచ్చారు. మాకు రెండు జరిమానాలు, పలకది పెద్దది. వాయిదాల మీద కట్టమన్నారు. కేసు పెట్టేదీ లేనిదీ పై ఆఫీసు తేల్చాలట, ఇంకా తేలలేదు. మిషనుకి సీలు వేసి, మొన్ననే తీశారు. రెండు బడులు వాళ్ళ రిజిస్టర్లు పట్టుకుపోయాయి. మేం మానేసిన ప్రెస్సుకే ఇచ్చారట.

బయటికొచ్చాక బాబాయి మెట్ల మీద ఆగాడు.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు యజమానివేనన్నమాట."

"ఊఁ."

"ముందే చెప్పొద్దా బాబూ? ఆ మంగళవారం డబ్బులు ఎవర్నడగాలో తెలీక ఊరుకున్నాను."

"ఇప్పుడు అడుగు బాబాయ్."

"ఇవ్వు."

అక్కడే ఇచ్చాను. జిగురు వెంటనే జేబులోంచి కాగితం తీశాడు, సంతకానికి. బాబాయి కట్టున్న చెయ్యి ఎత్తి చూపించాడు. ముగ్గురం నవ్వాం. ఎందుకు నవ్వామో రాయడం చేతకాదు నాకు.

కోత ఇప్పుడు నేనే చేస్తున్నాను, పలక ఎత్తుతూ, దించుతూ. బాబాయి స్టూలు మీద కూర్చుని దస్తాలు సరిచూస్తాడు. పనివాడిగానే. కొత్త ఒప్పందం రాశాం, ఇవాళ్టి తేదీతోనే. నువ్వు పంపిన నమూనాలో ఉన్న మాటలే, ఒక్కటీ దిద్దలేదు. ఈసారి ఆయన నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. సెలవుల దగ్గర ఒకటి ఎక్కువ అడిగి రాయించుకున్నాడు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. వేలిముద్ర చాలంటే ఒప్పుకోవడం లేదు. "ఎడం చేత్తో నేర్చుకుని పెడతాను, అప్పటిదాకా ఆగు" అంటున్నాడు.

ఈ ఉత్తరం నా వరకు ఒకవైపే రాశాను, ప్రతి కాగితమూ. వెనకవైపులు ఆయనకిచ్చాను, నేర్చుకోవడానికి. తిప్పి చూడు. మొదటి కాగితం వెనక ఏమీ పోల్చుకోలేవు. ఆఖరి దాని వెనక చూడు.

ముద్ర అటువైపు వెయ్యి.

నీ మేనల్లుడు